వైపర్ కింద మూడు-రెండు

టార్బెల్, కాన్సస్
జూన్ 4, 1952

ప్రియమైన ఆర్డిస్‌కి,

నువ్వు కట్టిచ్చిన హామ్ శాండ్‌విచ్‌లు నిన్న మధ్యాహ్నానికే అయిపోయాయి. సగం క్లెటస్ తినేశాడు. "ఎల్వుడ్, మీ ఆవిణ్ణి ఒకసారి చూపించవయ్యా, దణ్ణం పెట్టుకుని పోతాను" అంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ చిన్న బేస్‌బాల్ లీగుల్లో అంపైరింగ్ చేస్తున్న మనిషి. తిట్లు తిని తిని ఒళ్ళు మొద్దుబారింది, తిండి ఒక్కటే తెలుస్తుంది. నేనింకా కొత్తవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుస్తున్నాయి.

ఆటగాళ్ళు దిగే హోటల్లో మేం దిగకూడదు, వాళ్ళ బస్సు ఎక్కకూడదు. అందుకే కదా ఆ పాత ఆకుపచ్చ కారు కొన్నాం. బానెట్ మీద సొట్ట చూపించి నువ్వు బేరమాడావు, గుర్తుందా? ఇప్పుడా సొట్టలో వాన నీళ్ళు నిలిస్తే పిచ్చుకలు వచ్చి తాగుతున్నాయి. టార్బెల్ మైదానంలో గేటు పక్కనే మా కారుకి చోటిచ్చారు.

ఆటకి ముందు కొత్త బంతులన్నిటికీ బురద పట్టించాలి, నిగనిగ పోయేదాకా. అది నా పని. డబ్బాలో బురద, నోట్లోంచి కాస్త ఉమ్మి, అరచేతుల్లో బంతి. నీ భర్త ఉద్యోగం ఇదని మీ అక్కకి చెప్పకు. ఆట మధ్యలో, బ్యాటర్ నిలబడే చోట నేలలో పాతిన ప్లేటు మీద దుమ్ము ఊడ్చేటప్పుడు జనానికి వీపు చూపించకూడదని మాకో మర్యాద. వాళ్ళవైపు తిరిగే వంగుతాం. తల ఎత్తితే ముందు వరస మొహాలన్నీ ఎదురుగానే. ఇక్కడ భుజాల మీంచి ప్యాంటుకి ఎర్ర సస్పెండర్ల పట్టీలు తగిలించిన లావాటి మనిషి ఒకడున్నాడు, ఊపిరి తీసుకోకుండా తిడతాడు. రెండు కుర్చీల అవతల గడ్డి టోపీ పెట్టుకున్న ముసలావిడ. ఆవిడ పక్క కుర్చీలో మనిషి లేడు, చిన్న దిండు మాత్రం ఉంది. ఎంత జనం వచ్చినా అందులో ఎవరూ కూర్చోలేదు.

ఒక వింత చెప్పాలి. ఆటకి ముందు మోకాలి కవచాలు మరిచిపోయి కారు దగ్గరికి వెళ్ళాను. అద్దం మీద వైపర్ కింద కిరాణా సంచి చించిన ముక్క. దాని మీద పెన్సిల్‌తో '3-2' అని ఉంది. ఏదో పార్కింగు చీటీ అనుకుని జేబులో పడేశాను. ఆట మూడు-రెండుతో ముగిసింది! క్లెటస్‌కి చూపిస్తే నవ్వి, నా చెయ్యి తట్టి పోయాడు. నేనూ నవ్వాననుకో.

నీ
ఎల్వుడ్

విన్‌ఫ్లీట్
జూన్ 9

ప్రియమైన ఎల్వుడ్‌కి,

నీ ఉత్తరం నవ్వుకుంటూ మొదలుపెట్టాను. ఆ చీటీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఎటుపోయిందో తెలియదు.

నువ్వు ఈ పని ఎంచుకున్నప్పుడు నేను కాదనలేదు. కానీ నాకొచ్చే భయం గురించి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో నా పక్కన కూర్చునే వెర్నాకి సాయంత్రం అయ్యేసరికి మీ లీగు స్కోర్లన్నీ తెలిసిపోతాయి. పదకొండు-రెండు అంటే ఆ పూట కడుపునిండా తిని పడుకుంటాను. అంత ఘోరంగా ఓడినవాడు ఎవణ్ణని తిడతాడు? తన వాళ్ళనే తిట్టుకుని ఇంటికి పోతాడు. మూడు-రెండు అంటే మాత్రం నాకు చెమటలు పడతాయి. ఒక్క పరుగు! ఆ ఒక్కటీ అంపైరే మింగాడంటారు. నాలుగు-మూడూ అంతే, రెండు-ఒకటీ అంతే. స్కోరు ఎంత దగ్గరైతే నీకు అంత ప్రమాదం.

అలాంటి అంకె ముందే రాసి నీ కారు మీద పెట్టారంటే నవ్వులాట అనుకోలేకపోతున్నాను. నీకు చెప్పి చేయిస్తున్నట్టుగా ఉంది. ఎవరైనా చూస్తే నువ్వు డబ్బు తిన్నావనరా? చీటీ పారెయ్యి. వద్దులే, పారెయ్యకు. అదిగో, ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు నాకు.

ఫోన్ మాత్రం చెయ్యకు. నేను కూర్చున్న చోట మాట్లాడితే విన్‌ఫ్లీట్ అంతా వింటుంది.

నీ
ఆర్డిస్

టార్బెల్
జులై 17

ప్రియమైన ఆర్డిస్‌కి,

నిన్ను భయపెట్టకూడదని ఇన్నాళ్ళూ దీని గురించి రాయలేదు. ఇప్పుడు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జూన్ చివర టార్బెల్ వచ్చినప్పుడు మళ్ళీ అదే ముక్క, అదే అంకె. ఆట తొమ్మిది-ఒకటి అయింది. హమ్మయ్య, పిల్లల ఆకతాయితనం అనుకుని వదిలేశాను. వేరే ఊళ్ళలో చీటీ ఎక్కడా లేదు. నిన్న మళ్ళీ ఇక్కడికి వచ్చాం. ఆటకి ముందు నేనే వెళ్ళి చూశాను. ఉంది. 3-2. చేతిరాత వణికినట్టుగా ఉంది, అయినా నొక్కి రాశారు.

ఆర్డిస్, అది చూశాక నేను ఆట చూడలేదు, అంకె చూశాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి మూడు-రెండు. టార్బెల్ వాళ్ళు వెనకబడి ఉన్నారు. చివరి బ్యాటర్‌కి చివరి బంతి పడింది. మోకాలి ఎత్తున, ప్లేటు అంచు మీద. అతను బ్యాట్ ఆడించలేదు, అది సరైన బంతా కాదా చెప్పాల్సింది నేనే. నా చెయ్యి లేచింది, అవుట్ అన్నాను. ఆట అయిపోయింది. సరిగ్గానే చెప్పాననుకుంటున్నాను. కానీ ఆ చెయ్యి ఎత్తింది నేనా, జేబులో ఉన్న ఆ ముక్కా? పొద్దుటినుంచీ ఇదే ప్రశ్న.

బయటికి వస్తుంటే సీసా ఒకటి చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలి పగిలింది. ఎర్ర సస్పెండర్లవాడు గేటు దగ్గర నిలబడి, "ఒరేయ్, ఇది ఆఖరు కాదురా, ఆగస్టులో మళ్ళీ రావాలిగా నువ్వు!" అన్నాడు. ఆ చీటీలు వాడివే అనిపిస్తోంది. గడ్డి టోపీ ముసలావిడ ఆ గొడవలో కదలకుండా నిలబడి నావైపే చూస్తోంది. అసలు నావైపు కాదు, నా కారువైపు. అది ఇంకా భయం వేసింది.

"కాల్చెయ్యి" అన్నాడు క్లెటస్. "చీటీ వచ్చిందని చెప్పినవాడి మీదే ముందు అనుమానపడతారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, నా మాట విను." తినడం మానేసి మరీ చెప్పాడు, అంటే నిజంగా బెదిరిపోయాడు.

నీ
ఎల్వుడ్

విన్‌ఫ్లీట్
జులై 22

ప్రియమైన ఎల్వుడ్‌కి,

క్లెటస్ మాట వినకు, నా మాట విను. వంటింటి అరల్లో పాత కాగితాలు తీసి కొత్తవి పరుస్తూ ఉన్నాను. నువ్వు దాచుకున్న న్యూస్‌పేపర్ల ఆటల పేజీలే అవన్నీ. నీ మీద బెంగతో ఒకదాన్ని చదవడం మొదలుపెట్టాను, తర్వాత నేల మీద చతికిలబడి అన్నీ చదివాను. పెద్ద లీగులు, చిన్న లీగులు, ఎక్కడెక్కడి ఊళ్ళో. ఏ పేజీ తీసినా మూడు-రెండు! దాని పక్కనే నాలుగు-మూడు, రెండు-ఒకటి, అయిదు-నాలుగు. పదమూడు-తొమ్మిది కోసం వెతికితే కళ్ళు నొప్పి పుట్టాయి గాని మూడు-రెండు వెతక్కుండానే కనిపిస్తుంది. ఇక్కడ ఏప్రిల్‌లో రోజూ పొద్దున్నే "ఇవాళ వాన పడుతుంది" అనేవాడు ఎన్నిసార్లు గెలుస్తాడో, ఈ చీటీ రాసేవాడూ అన్నిసార్లే గెలుస్తాడు. మధ్యలో ఒకసారి తప్పాడు కదా! అది నువ్వు మరిచిపోయావు, నెగ్గినవే గుర్తుపెట్టుకున్నావు.

కాబట్టి వాడికి జాతకాలేం తెలియవు. నీ చెయ్యి నీదే.

ఇది రాసేసరికి నా భయం పోయిందనుకోకు. వాడికి ఆట తెలియకపోయినా నువ్వు తెలుసు, నీ కారు తెలుసు. అందుకే లీగు ఆఫీసుకి చెప్పెయ్యి. దాచితే దాచినందుకు పట్టుకుంటారు. చెప్పినందుకు అనుమానపడితే పడనీ. నీ మీద మచ్చ పడితే ఈ పనే కాదు, మన ఊళ్ళో ఏ పనీ దొరకదు. నిజం చెప్పి నిలబడదాం, పోతే పోతుంది.

నీ
ఆర్డిస్

తా.క. చీకటి పడేదాకా మైదానంలో ఉండకు.

టార్బెల్
ఆగస్టు 30, మధ్యాహ్నం

ప్రియమైన ఆర్డిస్‌కి,

నువ్వు చెప్పినట్టే లీగు అధ్యక్షుడు స్టాడ్లర్‌కి అన్నీ రాసి, చీటీలు పంపాను. ఆయన జవాబు క్లుప్తంగా ఉంది. సీజన్‌లో టార్బెల్ చివరి ఆటకి మామూలుగానే మమ్మల్ని పంపుతున్నాడు. ఆఫీసు మనిషి ఒకరు గ్యాలరీలో కూర్చుని నా ప్రతి నిర్ణయమూ చూస్తాడు. మళ్ళీ చీటీ వచ్చి, మళ్ళీ అదే స్కోరు వస్తే, అది తేలేదాకా నాకు ఈ లీగులో పని ఉండదట. "మీరు నిజాయితీపరులని నమ్ముతున్నాను, అయినా జనానికి జవాబు చెప్పాలి" అని కింద ఒక వాక్యం.

నువ్వు చెప్పిన వాన లెక్క నాకు ధైర్యం ఇచ్చింది, ఇప్పుడు అదే నా గొంతు పట్టుకుంది. మూడు-రెండు అంత తరచుగా వచ్చే స్కోరైతే, ఇవాళ కూడా రావచ్చు కదా?

ఆఫీసు మనిషి ఇందాక కలిశాడు. పేరు ఓడెల్, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఇద్దరం కలిసి కారు దగ్గరికి వెళ్ళాం. చీటీ అప్పటికే ఉంది. ఆయన చదివి, "ఊఁ" అని జేబులో పెట్టుకున్నాడు.

ఇది పోస్టులో వేసి ప్లేటు దగ్గరికి పోతున్నాను. చేతులకి ఇంకా బురద ఉంది, కాగితం మీద మరకలు చూసి ఏమీ అనుకోకు.

నీ
ఎల్వుడ్

విన్‌ఫ్లీట్
ఆగస్టు 30, సాయంత్రం

ఎల్వుడ్,

ఇది నీకు ఎక్కడ అందుతుందో తెలియదు, టార్బెల్‌లో మీరు దిగిన బోర్డింగ్ హౌస్‌కే పంపుతున్నాను. వెర్నా స్కోరు చెప్పింది. మూడు-రెండు. టార్బెల్ ఓడిందట. అక్కడి ఎక్స్‌ఛేంజీ పిల్ల "మైదానం దగ్గర గొడవ, షెరీఫ్ పోలీసుల కోసం లైన్లన్నీ మోగుతున్నాయి" అని చెప్పి మధ్యలో లైను వదిలేసింది. మళ్ళీ మళ్ళీ కలిపాను, ఎవరూ ఎత్తడం లేదు.

ఫోన్ చెయ్యకన్నాను కదా, చెయ్యి. ఊరంతా వింటే విననీ.

ఆర్డిస్

టార్బెల్
ఆగస్టు 31

నా ప్రియమైన ఆర్డిస్‌కి,

రాత్రి ఫోన్‌లో నా గొంతు వినగానే నువ్వు ఏడ్చేశావు, నేను "బాగున్నాను" అన్నదానికి మించి చెప్పలేకపోయాను. బోర్డింగ్ హౌస్ హాల్లో అందరూ చెవులు రిక్కించి కూర్చున్నారు మరి. ఇప్పుడు స్థిమితంగా రాస్తున్నాను. నువ్వు రాసి పంపానన్న ఉత్తరం ఇక్కడికి చేరేసరికి మేం బయల్దేరి పోతాం, అది మన ఇంటికే తిరిగి వస్తుంది.

తొమ్మిదో ఇన్నింగ్స్, అదే ఆఖరిది. రెండు అవుట్లు, మూడోది పడితే ఆట అయిపోతుంది. టార్బెల్ వాళ్ళవి రెండు, అవతలి వాళ్ళవి మూడు. రెండో బేస్ మీద టార్బెల్ కుర్రాడు ఉన్నాడు. బ్యాటర్ కుడివైపు కొట్టాడు. కుర్రాడు మూడో బేస్ చుట్టి ప్లేటుకేసి దూసుకువస్తున్నాడు, బంతీ వస్తోంది. ఆర్డిస్, ఆ రెండు అంగల దూరంలో నేను ఎంత ఆలోచించానో చూడు. ప్లేటు చేరాడు, సేఫ్ అంటే మూడు-మూడు. చీటీ అబద్ధమవుతుంది, ఉద్యోగం ఉంటుంది, జనం నన్ను భుజాల మీద మోస్తారు. అవుట్ అంటే అన్నీ పోతాయి. నాకు చచ్చేంత భయం వేసింది. సేఫ్ అనాలని ప్రాణం కొట్టుకుంది, నీకు అబద్ధం చెప్పను.

దుమ్ము లేచింది. బంతి ఉన్న క్యాచర్ చేతి తొడుగు కుర్రాడి కాలి బొటనవేలికి తగిలింది, వేలు ప్లేటుకి ఇంకా జానెడు దూరంలో ఉంది. నేను చూశాను. చూసింది చెప్పాను. అవుట్.

తర్వాత నాకు గుర్తున్నది శబ్దమే. క్లెటస్ నా చొక్కా పట్టుకుని లాక్కుపోయి, గ్యాలరీ కింది చెక్కగదిలో పడేసి గడియ వేశాడు. గడియ పడకముందే ఓడెల్ కూడా మా వెనకే దూరాడు. తలుపు మీద రాళ్ళు పడుతున్నాయి. "ఎల్వుడ్, ఇలాంటివి నేను చాలా చూశాను" అన్నాడు క్లెటస్. "తర్వాత ఏమవుతుంది?" అన్నాను. "అది మాత్రం అడక్కు" అన్నాడు. చెక్కల సందులోంచి చూస్తే నా కారు చుట్టూ మనుషులు. ఎర్ర సస్పెండర్లవాడు బంపర్ పట్టుకుని, "ఎత్తండ్రా! తిరగేసేద్దాం!" అంటున్నాడు. కారు ఒకవైపు లేచింది కూడా. దాని తర్వాత ఈ తలుపే అనుకున్నాను. నీ మొహం గుర్తొచ్చింది.

అప్పుడు గడ్డి టోపీ కనిపించింది. ఆవిడ ఆ గుంపులోకి మోచేతులతో పొడుచుకుంటూ వెళ్ళి, బానెట్‌కి వీపు ఆనించి నిలబడింది.

"ఒరేయ్ డెల్బర్ట్, చెయ్యి తియ్యి దాని మీంచి!"

"నువ్వు పక్కకి జరుగమ్మా ఓపల్, అది అంపైర్ గాడి కారు."

"అంపైర్‌ది ఈ ఏడాది నుంచి. అంతకుముందు పద్నాలుగేళ్ళు మా హార్వీది. నీ కళ్ళేమైనా పోయాయా? ఈ సొట్ట చూడు. నువ్వు ఈ ఊరి జట్టులో ఆడేటప్పుడు అడ్డదిడ్డంగా కొట్టిన బంతి కాదూ ఇది? కారు పాడైందని ఆయన నిన్నొక్క మాటన్నాడా? నవ్వుతూ సోడా ఇప్పించాడు నీకు!"

డెల్బర్ట్ వంగి సొట్ట చూశాడు. వేలితో తడిమాడు. బంపర్ వదిలేశాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వదిలేశారు. హార్వీ అంటే ఆవిడ భర్త, ఈ మైదానం గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి, అందరికీ కావలసినవాడట. కిందటి చలికాలం పోయాడు. కారుని ఆయన మేనల్లుడు ఎక్కడో దూరంగా అమ్మేశాడు, తిరిగి తిరిగి మన చేతికి వచ్చింది. షెరీఫ్ వచ్చేసరికి వాళ్ళు టోపీలు తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

మేం బయటికి వచ్చాం. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అవుటే బాబూ. బొటనవేలు జానెడు దూరంలో ఉంది. నాకు నా కుర్చీలోంచే కనిపించింది, వీళ్ళకి కనిపించలేదంటే తాగి ఉండాలి" అంది.

ఓడెల్ జేబులోంచి చీటీ తీసి, ఎందుకో అనుమానం వచ్చినట్టు ఆవిడకి చూపించాడు. "ఇది ఎవరు రాశారో మీకేమైనా తెలుసా అమ్మా?"

"నేనే కదా రాసింది!" అంది.

హార్వీ గేటు పనికి ముందే వచ్చి కారు అక్కడ పెట్టేవాడట. ఆవిడ ఇంటి పని ముగించుకుని నడిచి వచ్చేది. వస్తూ ఆ రోజు స్కోరు ఎంతవుతుందో రాసి వైపర్ కింద పెట్టేది. ఆయన తన అంకె రాసి అదే వైపర్ కింద పెట్టేవాడు. ఎవరి అంకె అసలు స్కోరుకి దూరమైతే వాళ్ళు ఆ పూట గిన్నెలు కడగాలి. ఆయనకి ఎప్పుడూ పన్నెండు-ఎనిమిది లాంటి సరదాలే. ఆవిడ మాత్రం రోజూ మూడు-రెండే. "లోకంలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది అదే బాబూ. పెళ్ళయినప్పటి నుంచి నేను గిన్నెలు ముట్టుకున్నది తక్కువ."

"జూన్‌లో ఈ కారు దాని చోటులో నిలబడి ఉండడం చూశాను" అంది. "ఆయన పోయాడని తెలియక కాదు. నాకేం మతి పోలేదు. చెయ్యి ఆగలేదు, అంతే."

ఓడెల్ గొంతు సవరించుకుని, "అయితే మీరు నెగ్గారన్నమాట" అన్నాడు.

"ఎక్కడ నెగ్గాను? నేను రాసేది మా టార్బెల్‌కి మూడు. ఇవాళ ఆ మూడూ అవతలివాళ్ళవి. జులైలోనూ అంతే. జూన్‌లో ఒక్కసారే నా మాట నిజమైంది."

ఆర్డిస్, ఆ ముక్కని పట్టుకుని నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో నీకు తెలుసు. ఎవరి మూడు, ఎవరి రెండు అని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఓడెల్ చీటీ మడిచి ఆవిడ చేతిలోనే పెట్టాడు. నాతో, "వచ్చే ఏడాది కాంట్రాక్టు సంగతి నేను స్టాడ్లర్‌తో మాట్లాడతాను, ఆ అవుట్ నేనూ చూశాను" అన్నాడు. క్లెటస్ అప్పటికే డెల్బర్ట్ భార్య తెచ్చిన చెర్రీ పళ్ళ తీపి రొట్టె తింటున్నాడు.

బయల్దేరబోతుంటే ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు మెత్తబడింది. "ఇన్నిసార్లు పెట్టాను బాబూ. ఒక్కసారైనా నువ్వు నీ అంకె రాయలేదేం?" అంది.

నేను భయపడుతున్నంతసేపూ ఆవిడ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంది. కిరాణా సంచి ముక్క చించి, వచ్చే ఏడాది మొదటి ఆటకి పన్నెండు-ఎనిమిది అని రాసి ఆవిడకి ఇచ్చాను. చూసి నవ్వింది, చూస్తూ చూస్తూ ఏడ్చింది. "గిన్నెలు నువ్వే కడగాలి" అంది.

వచ్చే ఆదివారానికి ఇంట్లో ఉంటాను. రేడియోలో ఆట ఉంది. మన ఇద్దరి అంకెలూ వైపర్ కింద పెడదాం. నేను కారు ఆపేలోపే నువ్వు రాసి ఉంచు, ఎవరి మూడో, ఎవరి రెండో పేర్లతో సహా.

నీ
ఎల్వుడ్